పరదేశమున ధర్మాసుపత్రి

ప్రాణము మీదికి వచ్చిన వ్యాధి మనుష్యునకు ఆలోచించుకొను వ్యవధి నీయదు. అట్టి గడియలో ఏ దేశమందైనను దగ్గరనున్న ఆసుపత్రికి పరుగెత్తుటయే గాని బేరమాడుటకు తావుండదు. ఆలోచన యంతయు ప్రాణాపాయము లేని రోగములకే. గజ్జలలో హెర్నియా, పిత్తాశయమున రాళ్లు, కంటిలో శుక్లము, ఏండ్ల తరబడి వేధించు మొలలు — ఇవి నేడు కాకున్న వచ్చే నెల చేయించుకొనవచ్చునని వైద్యుడు తాపీగా చెప్పెడి ఆపరేషనులు. స్వగ్రామమున నున్నవానికి ఇది ఇంటి ఖర్చులలో నొకటి, బంధువులలో నొకరు రెండు రోజులు తోడుండవలసిన పని. పరదేశమున నున్నవానికో, అదియే వీసాతోను, జీతముతోను, సెలవుతోను, ఒంటరితనముతోను పెనవేసికొని విడదీయరాని చిక్కగుచున్నది.

ఈ చిక్కును పరిశీలించుటకు బ్రిటన్ కంటె తగిన దేశము వేరొకటి కనబడదు. ఆ దేశమున ఆసుపత్రి ప్రభుత్వముది, ఆపరేషను బల్లమీద రోగికి బిల్లు లేదు. ఐనను విదేశీయుని విషయమున ఆ ప్రభుత్వము మూడు తరములుగా తనలో తాను తర్కించుకొనుచునే యున్నది. హన్మకొండనుండియో భీమవరమునుండియో చదువునకై పోయిన మన పిల్లలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగములకై కుటుంబములతో తరలిన మనవారు, మనుమలను చూచుటకై ఆరు నెలల వీసాపై విమానమెక్కు మన తల్లిదండ్రులు — వీరందరును ఆ తర్కముయొక్క ఫలమును అనుభవించుచున్నవారే. వీరిలో కొందరు చెల్లించియు వాడుకొనుట లేదు. కొందరు చెల్లింపకయే దొరకునని భ్రమపడి బిల్లు చేతికి వచ్చినప్పుడు గుండె పట్టుకొనుచున్నారు.

దక్షిణ వేల్సు ప్రాంతమున ట్రెడెగర్ అను బొగ్గుగనుల పట్టణమొకటి కలదు. అచ్చటి గని కార్మికులు తమ కూలిలో పౌనుకు మూడు పెన్నీల చొప్పున ఒక సంఘమునకు చెల్లించి, ఆ నిధితో వైద్యులను తామే నియమించుకొని, కుటుంబములకు చికిత్స చేయించుకొనెడివారు. అన్యూరిన్ బెవన్ ఆ పట్టణమున, ఆ గనులలోనే పెరిగినవాడు. ఆ సంఘపు ఆసుపత్రి కమిటీలో పనిచేసినవాడు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఆరోగ్యమంత్రియై, తన యూరివారు చేసిన పనినే దేశమంతటికి విస్తరింపజేయ సంకల్పించి, వైద్యులలో పెక్కుమంది ఎదిరించినను లెక్కసేయక, 1948 జులై 5వ తేదీన నేషనల్ హెల్త్ సర్వీసును ప్రారంభించెను. నాడు మాంచెస్టర్ సమీపమున ఆయన స్వయముగా అడుగిడిన పార్క్ హాస్పిటల్ ఇప్పటికిని వేరొక పేరుతో నడచుచున్నది. చికిత్సాకాలమున రోగి చేతినుండి పైకము పుచ్చుకొనరాదనునది ఆ సంస్థకు మూలసూత్రము. కాని మూడు పెన్నీలు ముందే చెల్లించినవారి నిధి అది యనునదియు ఆ సూత్రమునకు అడుగున నున్న సత్యమే. నేటి విదేశీయుల చిక్కంతయు ఈ రెండవ సత్యమునుండి పుట్టినది.

విదేశీయులు వచ్చి ఉచితముగా కట్టుడుపండ్లును కండ్లజోళ్లును పట్టుకొని పోవుచున్నారను కూతలు తొలి సంవత్సరముననే లేచెను. 1949లో పార్లమెంటు చట్టమును సవరించి, ఆ దేశమున సాధారణముగా నివసింపనివారినుండి రుసుము వసూలు చేయు అధికారమును ప్రభుత్వమునకు కట్టబెట్టెను. ఆశ్చర్యమేమనగా, ఆ అధికారమును ముప్పది సంవత్సరములకు పైగా ఏ ప్రభుత్వమును వినియోగింపలేదు. బెవన్ 1952లో ప్రకటించిన గ్రంథమున ఈ ప్రశ్నకు జవాబు చెప్పుచు, విదేశీయుని పట్టుకొనవలెనన్నచో ఆసుపత్రికి వచ్చిన ప్రతివానిని నీ వెవ్వరవని అడుగక తప్పదు గావున, పరాయివానిపై మొదలైన నిఘా స్వదేశీయునికే తలనొప్పిగా పరిణమించునని వాదించినాడు. ఆ వాదమునందు ఆదర్శముకంటె లౌక్యమే ఎక్కువ. అందుచేతనే కాబోలు అది అంతకాలము నిలిచినది.

1982లో తొలిసారిగా రుసుముల నిబంధనలు అమలులోనికి వచ్చినవి. అదే సంవత్సరాంతమున, విద్యావేతనముల విషయమై కొందరు విదేశీ విద్యార్థులు స్థానిక ప్రభుత్వములపై నడిపిన షా కేసులో, ప్రభువుల సభ న్యాయమూర్తులు ఒక మహత్తరమైన తీర్పు నిచ్చిరి: చట్టబద్ధముగా, స్వేచ్ఛగా, ఒక స్థిరమైన ప్రయోజనముకొరకు, తన నిత్యజీవన క్రమములో భాగముగా ఎవ్వడు ఆ దేశమున నివసించుచున్నాడో వాడు, అతని మకాము కొంతకాలమే యైనను, అచ్చటి సాధారణ నివాసియే యని. చదువు నిమిత్తమై వచ్చినవాడును ఆ నిర్వచనములో ఇమిడిపోయెను. ఆసుపత్రులును ఈ కొలబద్దనే చేపట్టినవి. పాసుపోర్టు రంగును గాక మనుష్యుని బ్రతుకు ఎచ్చట నడచుచున్నదో దానిని చూచిన ఆ తీర్పు న్యాయశాస్త్రమునకు శోభ తెచ్చినదని నా అభిప్రాయము. మూడు దశాబ్దములు మన విద్యార్థులు దాని నీడలోనే ఉచిత వైద్యము పొందిరి.

2014నాటి వలస చట్టము ఆ నీడను తొలగించినది. శాశ్వత నివాసానుమతి లేనివారెవ్వరును వైద్యరుసుముల విషయమున సాధారణ నివాసులు కారని శాసించి, అందుకు మారుగా వీసా దరఖాస్తుతోనే ముందుగా చెల్లింపవలసిన ఆరోగ్య సర్‌చార్జీని 2015 ఏప్రిల్‌నుండి విధించెను. మొదట సంవత్సరమునకు 200 పౌన్లు, 2019లో 400, 2020లో 624, 2024 ఫిబ్రవరినుండి 1,035. విద్యార్థులకును, పదునెనిమిది ఏండ్ల లోపువారికిని కొంత తగ్గించి 776 పౌన్లు. ఏడాదికేడాది కట్టుకొందుమన్న వీలులేదు. వీసా ఎన్నేండ్లో అన్నేండ్ల మొత్తమును ఒక్కమారే చెల్లింపవలెను. ఏడాది మాస్టర్స్ చదువునకు ముందువెనుకల నెలలు కలిపి పదునారు నెలల వీసా వచ్చిన విద్యార్థి, మొదటి సంవత్సరమునకు 776, మిగిలిన నాలుగు నెలలకు అందులో సగము, వెరసి 1,164 పౌన్లు — అనగా లక్ష రూపాయలకు పైబడిన సొమ్ము — అచ్చట కాలు మోపకమునుపే ధారపోయుచున్నాడు. అయిదేండ్ల ఉద్యోగ వీసాపై భార్యతోను ఇద్దరు పిల్లలతోను పోవు ఇంజనీరు లెక్క చూడుడు: ఏడాదికి 3,622, అయిదేండ్లకు 18,110 పౌన్లు. ఈ సొమ్ము కొన్ని కంపెనీలు భరించును. పెక్కు కంపెనీలు ఉద్యోగి పాలికే వదలును. వైద్య, పరిచర్యా రంగముల ఉద్యోగుల వీసాకు మాత్రము ఈ సర్‌చార్జి లేదు.

ఇది బీమా ప్రీమియము కాదు, పన్నును కాదు. రెండింటి బరువును కలదు. జీతము పొందువాడు ఆదాయపు పన్నును, నేషనల్ ఇన్సూరెన్సును స్వదేశీయునివలెనే నెలనెలా కట్టుచు, దానిపై ఈ సర్‌చార్జీని కూడ కట్టుచున్నాడు. ఒకే వైద్యమునకు రెండు వెలలు. దీనిని సమర్థించువారు, చిరకాలముగా పన్నులు కట్టి నిర్మించిన ఆసుపత్రిలో నిన్న వచ్చినవాడు సమానభాగము కోరునప్పుడు ప్రవేశరుసుము అడుగుట తప్పుకాదందురు. తొలినాటి రెండువందల పౌన్లకు ఆ వాదము సరిపోవునేమో. తొమ్మిదేండ్లలో అయిదు రెట్లు దాటిన మొత్తమునకు సరిపోదు.

అట్లు చెల్లించినవానికి ఏమి లభించును? దాదాపు సమస్తమును. సంతానసాఫల్య చికిత్స వంటి కొన్ని మినహాయింపులు దక్క, ఇంగ్లండులో స్థిరనివాసికి ఏయే చికిత్స ఏయే షరతులపై లభించునో అదియే యితనికిని లభించును. అర్ధరాత్రి అపెండిసైటిస్ — మనవారు ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి యనునది — వచ్చి పొట్ట కోసి కుట్టినను, శయ్యకుగాని, మత్తుమందుకుగాని, శస్త్రవైద్యునికిగాని ఒక్క పెన్నీ అడుగరు. ఇంటికి వచ్చిన పిమ్మట వైద్యుడు వ్రాసిన మందులకు మాత్రము ఇంగ్లండులో ఒక్కొక్క మందునకు 9 పౌన్ల 90 పెన్నీల చొప్పున చెల్లించుకొనవలెను. వేల్సు, స్కాట్లండులలో అదియును లేదు. అయినను, అంత సొమ్ము కట్టిన విద్యార్థులలో ఎందరో జి.పి. యను వాడవైద్యుని దగ్గర పేరైనను నమోదు చేసికొనక, జ్వరము వచ్చిన పారసెటమాల్‌తో సరిపుచ్చుకొని, హెర్నియా వచ్చినచో తల్లికి ఫోను చేసి, హైదరాబాదులో ఆపరేషను చేయించుకొనుటకు టికెట్టు కొనుచున్నారు. సత్రములో గదికి ముందే పైకము కట్టి చెట్టుక్రింద పండుకొన్నట్లున్నది వీరి వైఖరి.

ఇందుకు సగము కారణము తెలియమి. మిగిలిన సగము ఆ విధానపు నడక మనకు అలవాటు లేకపోవుట. మన యూళ్లలో రోగి నేరుగా శస్త్రవైద్యుని గదికే పోవును. ఉదయము స్కానింగు, సాయంకాలము తేదీ. అచ్చట పెద్దాసుపత్రి వాకిలి జి.పి. చేతిలో నున్నది. జి.పి. దగ్గర నమోదుకు వెల లేదు. ఇంగ్లండు నిబంధనల ప్రకారము ఇంటి చిరునామా ఋజువుగాని వలసపత్రముగాని లేదను కారణమున నమోదును నిరాకరింపరాదు. జి.పి. పరీక్షించి, కావలసినచో రక్తపరీక్షలు చేయించి, ఆసుపత్రికి సిఫారసు పత్రము పంపును. నొప్పిలేని చిన్న హెర్నియా యైనచో కొంతకాలము కనిపెట్టి చూతమనుటయు కలదు. అది నిర్లక్ష్యము కాదు, వైద్యశాస్త్రము అంగీకరించిన పద్ధతియే. స్పెషలిస్టు చూచి ఆపరేషను కావలెనని నిర్ణయించినచో రోగి పేరు జాబితా కెక్కును. అటుపిమ్మట నిరీక్షణము.

ఈ నిరీక్షణమే అచ్చటి ఆపరేషనుయొక్క నిజమైన ధర. సిఫారసు అందిన నాటినుండి పదునెనిమిది వారములలోపల చికిత్స ప్రారంభము కావలెననియు, నూటికి తొంబదిరెండుగురి విషయమున ఈ మాట చెల్లవలెననియు ఇంగ్లండులో ప్రమాణమొకటి కలదు. 2016 తరువాత అది నెరవేరినది లేదు. మహమ్మారి తరువాత జాబితా పెరిగి పెరిగి 2023 శరత్తున 77 లక్షలను దాటినది. ప్రాణాపాయము లేని వ్యాధులన్నియు ఈ జాబితా తోకలోనే యుండును. పదునారు నెలల వీసాపై వచ్చినవాడు ఆరవ నెలలో జాబితా కెక్కినచో, ఆపరేషను ముందు వచ్చునో వీసా గడువు ముందు తీరునో చెప్పజాలము. ధనవంతుడు కాలమును డబ్బుతో కొని ప్రైవేటు ఆసుపత్రికి పోవును. బీదవాడు డబ్బును కాలముతో కొని జాబితాలో నిలుచును. స్వదేశీయునకు ఈ రెండే దారులు. మనవానికి మూడవదిగా విమానము కలదు. అతడు దానిని తొందరపడి ఎక్కుచున్నాడు.

తొందరపడి యనుటకు హేతువున్నది. ఇంగ్లండులో ఇట్టి సిఫారసు పొందు రోగికి ఏ ఆసుపత్రికి పోవలెనో ఎంచుకొను హక్కు చట్టమున నున్నది. ఆ యూరి ఆసుపత్రియే కానక్కరలేదు. జాతీయ సర్వీసుతో ఒప్పందము కుదుర్చుకొన్న ప్రైవేటు ఆసుపత్రులును ఆ యెంపికలోనివే. అచ్చట చేయించుకొన్నను రోగి చెల్లించునది సున్న. శుక్లముల ఆపరేషనులు నేడు అట్టి కేంద్రములలో విస్తారముగా జరుగుచున్నవి. ఏ ఆసుపత్రిలో ఎన్ని వారములు పట్టుచున్నదో ప్రకటితమై యుండును. లెస్టరులో పట్టుకాలము మరియొక పట్టణమున పట్టకపోవచ్చును. గంట రైలు ప్రయాణమునకు వెరవనివాడు నెలలు కలిసివచ్చునట్లు చేసికొనవచ్చును. పదునెనిమిది వారములు దాటినచో వేరొక ఆసుపత్రిని చూపుడని అడుగు హక్కును కలదు. ఈ మాట జి.పి. తనంతట చెప్పవచ్చును, చెప్పకపోవచ్చును, అడిగినవానికి కాదనడు. మన పిల్లలు మొగమోటముచేత అడుగరు. పరదేశమున ఉచితముగా దొరకునది దానమనియు, దానము తీసికొనువాడు నోరు మెదపరాదనియు ఒక సంకోచము వారిలో గూడుకట్టుకొనియున్నది. వేయి పౌన్లు ముందే కట్టినవానికి సంకోచమెందుకు?

జాబితా కదలి పిలుపు వచ్చిన తరువాత పని సులభముగనే జరిగిపోవును. హెర్నియా, పిత్తాశయము, శుక్లము — ఇవి చాలవరకు పొద్దున చేరి సాయంకాలమునకు ఇల్లు చేరు ఆపరేషనులు. కాని పూర్తి మత్తు ఇచ్చినచో, రోగిని ఇంటికి తోడ్కొనిపోయి ఆ రాత్రి కనిపెట్టియుండుటకు ఒక పెద్దమనిషి యుండవలెనని ఆసుపత్రివారు పట్టుబట్టుదురు. టాక్సీ డ్రైవరు చాలడు. ఒంటరి విద్యార్థికి ఇక్కడ కాళ్లకు బంధము పడును. ఒకే ఇంట ఆరుగురు తెలుగు కుర్రవాండ్రు కాపురముండి ఒకరి షిఫ్టుకు ఒకరు పోవు కాలమున, ఒక దినపు కూలి వదలుకొని తోడుండువాడు దొరకుట చిన్న విషయము కాదు, ఐనను దొరకును. వంకాయకూరలో ఉప్పు ఎక్కువైనదని నిన్న కలహించినవాడే నేడు వార్డు బయట కుర్చీలో కునుకు తీయుచుండును.

తల్లిదండ్రుల సంగతి దీనికి పూర్తిగా విరుద్ధము. ఆరు నెలల సందర్శక వీసాపై వచ్చువారు సర్‌చార్జి చెల్లింపరు. కావున వారికి ఆ నిధిలో భాగము లేదు. జి.పి. చూచుటకును, ఎమర్జెన్సీ విభాగమున చేయు చికిత్సకును రుసుము లేదనుట నిజమే. ఈ సగము నిజమే మనవారిని మోసగించుచున్నది. ఎమర్జెన్సీ గది దాటి వార్డులో చేర్చుకొన్న క్షణమునుండి లెక్క ప్రారంభమగును. ఆ చికిత్సకు ప్రభుత్వము ఆసుపత్రికి కట్టియిచ్చు ధరకు ఒకటిన్నర రెట్లు ఇంగ్లండులో సందర్శకునినుండి వసూలు చేయుదురు. ఆస్ట్రేలియా, న్యూజిలండులతో బ్రిటన్‌కు పరస్పర వైద్య ఒప్పందములున్నవి, భారతదేశముతో లేదు. 2017 అక్టోబరునుండి, తొందరలేని ఆపరేషనైనచో మొత్తము సొమ్ము ముందుగా చెల్లించిన పిమ్మటనే చేయవలెనని చట్టము. తొందరయున్నదా లేదా, ఆ రోగి స్వదేశము చేరువరకు ఆగగలడా ఆగలేడా యనునది నిర్ణయించువాడు వైద్యుడు. సొమ్ము లెక్కించువాడు ఆసుపత్రిలో ఇందుకొరకే నియమింపబడిన ఒక యధికారి. ప్రాణాపాయ మున్నచో పైకము లేదని చికిత్స మానరు. చేసి, బిల్లు తరువాత పంపుదురు. అయిదువందల పౌన్లకు తగ్గని బాకీ రెండు నెలలు దాటి నిలిచియున్నచో, మరుసటి వీసా దరఖాస్తును తిరస్కరించుటకు అదియొక కారణము కావచ్చును. వాయిదాలపై చెల్లింతునని ఆ యధికారితో ముందే వ్రాతపూర్వకముగా ఒడంబడిక చేసికొనుట తెలివిగల పని. బిల్లును సొరుగులో దాచి విమానమెక్కుట తెలివితక్కువ పని.

మోకాలిమార్పిడియో శుక్లమో కొడుకు దగ్గర చేయించుకొందమని ఆశపడి వచ్చు తల్లులు నేటికిని కలరు. అమ్మా, ఆ పని బెజవాడలోనో వరంగల్లులోనో ముగించుకొని, కన్ను నయమైన తరువాత మనుమని చూడ రమ్మని చెప్పుటయే పుత్రధర్మము. పిత్తాశయమున రాళ్లున్నవని తెలిసియు, నొప్పి లేదుగదా యని ఆపరేషను దాటవేసి పయనమగుట మరింత ప్రమాదము. ప్రయాణబీమాలలో పెక్కు ముందునుండి యున్న వ్యాధిని పరిహారమునకు లెక్కలోనికి తీసికొనవు.

ఆ వార్డులలో రోగిని పరీక్షించు వైద్యులలోనే ఎందరో తెలుగువారు. స్వాతంత్ర్యానంతర దశాబ్దములలో విశాఖపట్టణము, గుంటూరు, హైదరాబాదు కళాశాలలలో చదివి సముద్రములు దాటినవారు, ఆ తరువాత వారి అడుగుజాడలలో పోయినవారు ఆ సంస్థను తమ భుజములపై మోయుచున్నారు. తెలుగు వైద్యుడు తెలుగు తల్లి బిల్లును తగ్గింపలేడు. ఆమె ఆగగలదో ఆగలేదో నిజాయితీగా వ్రాయుట మాత్రమే అతని చేతిలో నున్నది. ఆమె భాష తెలిసిన దుబాసీని ఆసుపత్రి తన ఖర్చుతోనే ఏర్పాటు చేయును. అంగీకారపత్రముపై సంతకము పెట్టకముందు ఆ సాయము కోరుట ఆమె హక్కు.

అన్ని దేశములును ఈ దారినే నడచుట లేదు. సింగపూరులో ప్రభుత్వ ఆసుపత్రుల సబ్సిడీ విదేశీ కార్మికునికి లేదు. మారుగా యజమానియే అతనికి వైద్యబీమా కొనవలెను, 2023 జులైనుండి ఆ బీమా ఏడాదికి కనీసము 60,000 సింగపూరు డాలర్లకు తగ్గరాదు. భారము పనివానిపై గాక పని చేయించుకొనువానిపై మోపుట నా దృష్టిలో బ్రిటన్ పద్ధతికంటె న్యాయము. మలేసియాలో ప్రభుత్వ వైద్యశాలలో చీటీకి పౌరుడు ఒక్క రింగిట్టు చెల్లించును, విదేశీయుడు దానికి ఎన్నో రెట్లు. నూరేండ్లక్రితము రబ్బరుతోటల కూలీలుగా పోయిన తెలుగువారి మనుమలు ఒక రింగిట్టు వరుసలో నిలుచుండగా, మొన్న పోయిన తెలుగువాడు ప్రక్క కిటికీ దగ్గర ఎక్కువ ధర లెక్కించుకొనుచున్నాడు.

మరల బ్రిటన్‌కు వచ్చి, జాబితాలోనున్న మన కుర్రవానికి ఒక్క సంగతి చెప్పవలసియున్నది. గదులు మారుట విద్యార్థులకు నెలకొక వేడుక. ఆసుపత్రి ఉత్తరము పాత చిరునామాకే పోవును. పిలిచిన దినమున రానివాని పేరును తొలగించి తిరిగి జి.పి.కి పంపుట చాల ఆసుపత్రులలో వాడుక. అప్పుడు కథ మొదటికి వచ్చును. ఇల్లు మారిన దినముననే జి.పి.కిని ఆసుపత్రి బుకింగు కార్యాలయమునకును కొత్త చిరునామా, ఫోను నంబరు తెలుపవలెను. సంక్రాంతికి ఇంటికి పోవువాడు, తాను దేశమున నుండని తేదీలను టికెట్టు కొన్ననాడే ఆ కార్యాలయమునకు ఫోనుచేసి వ్రాయించి, వ్రాసికొన్నవారి పేరు అడిగి తెలిసికొనవలెను.